ఫోర్డ్ సేన నడిచిన దారి: బొబ్బిలి నుంచి బందరు కోట దాకా

1758 అక్టోబరు 20న ఇంగ్లీషు సేనాని లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ బెంగాలు నుంచి ఓడల్లో వచ్చి విశాఖ రేవులో దిగాడు. 1759 ఏప్రిల్ 8 తెల్లారేసరికి బందరు కోట ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. ఆ ఆర్నెల్లలోపే శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఫ్రెంచివాళ్ళ పెత్తనం కూలిపోయింది. బడి పాఠాల్లో ప్లాసీ ఉంటుంది, వందవాశి ఉంటుంది, ఈ దారి ఉండదు. ఐరోపా రాజ్యాలు ఏడేళ్ళ యుద్ధంలో పలు ఖండాల్లో కొట్టుకుంటుంటే, ఆ పోరులో మన చేలల్లో, మన ఉప్పునేలల్లో తేలిన భాగం ఇది.

డిసెంబరులో ఆ దారి వెంట వెళ్ళొచ్చాం. ఫోర్డ్ సేన నడిచిన కాలం కూడా ఇదే. ఎండ బాధ ఉండదు, కోస్తాలో కోతలు సాగుతుంటాయి, పొలం గట్ల మీద నడవొచ్చు. ఫోర్డ్‌ను ఇక్కడికి రప్పించిన పగ బొబ్బిలిలో పుట్టింది కాబట్టి మొదలు అక్కడే. దారి పొడుగునా ఒక్క ప్రశ్న మనసులో ఉంచుకుంటే చాలు: ఎవరు ఎవరికి ఎంత బాకీ? ఫిరంగులు, బురుజులు, సేనానుల పేర్లు అన్నీ ఆ లెక్క తర్వాతే.

శనివారం, బొబ్బిలి

బొబ్బిలిలో దిగి ఆటో అతనితో "కోట" అంటే రాజుగారి కోటకే తీసుకెళ్తాడు. అది యుద్ధం తర్వాత కట్టింది. 1757 జనవరి 24న నేలమట్టమైన పాత మట్టికోట చోటు చూడాలంటే "యుద్ధ స్తంభం" అని అడగాలి. 1891లో బొబ్బిలి రాజు నిలబెట్టించిన రాతి స్తంభం అది. ఆటోకి రానూపోనూ నూట యాభై ఇచ్చాం.

స్తంభం దగ్గర చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే ఆ రోజుకు దారితీసిన లెక్క ముందే తెలుసుకుని వెళ్ళాలి. 1753లో దక్కను సుబాదారు సలాబత్ జంగ్, తన కొలువులోని ఫ్రెంచి సేన జీతాల కింద ముస్తఫానగర్ (అంటే కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను (అప్పటి జిల్లాల్లాంటివి) ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ఏడాదికి 31 లక్షల రూపాయల రాబడి అని అంచనా. రాబడి కాగితం మీద ఉంటే సరిపోదు, ఊరూరా వసూలు కావాలి. ఫ్రెంచివాళ్ళకు ఊళ్ళు తెలియవు, కరణాలు తెలియరు. అందుకని శ్రీకాకుళం, రాజమండ్రి సర్కారుల వసూలును విజయనగరం పెద విజయరామరాజుకు గుత్తకిచ్చారు. అది కూడా అసలు విలువకన్నా బాగా తక్కువకి. గుత్త చేతికొచ్చాక విజయరామరాజుకు పక్కనే ఉన్న బొబ్బిలి కంట్లో నలుసయింది. ఏటి నీళ్ళ తగాదాలు పాతవే. ఇప్పుడు వాటికి ఫ్రెంచి ఫిరంగులు తోడయ్యాయి.

మట్టిగోడను ఫిరంగులు పగలగొట్టాయి. ఇక నిలవదని తెలిశాక కోటలోని వెలమ వీరులు ఆడవాళ్ళను, పిల్లలను తమ చేతులతోనే చంపి, తామూ పోరాడి చచ్చిపోయారు. బొబ్బిలి రాజు రంగారావు కొడుకు ఒక్కడు బతికి బయటపడ్డాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి అతన్ని చంపాడు. ఈ కథ బొబ్బిలిలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. స్తంభం ఎదుట కొట్టులో టీ పోసిన పెద్దాయన, "ఏటి బాబూ, పాపారాయుడి కోసమేనా వచ్చేరు?" అని తానే మొదలుపెట్టి అరగంట చెప్పాడు, టీ డబ్బులు మాత్రం తీసుకోనన్నాడు. బుస్సీ పేరు ఆయన కథలో ఒక్కసారే వచ్చింది. ఊరి జ్ఞాపకంలో ఇది రెండు ఇళ్ళ పగ. ఫ్రాన్సు ఖజానా పుస్తకాల్లో ఇది వసూలు ఖర్చు. రెండూ నిజమే, కానీ రెండోది బొబ్బిలిలో ఎక్కడా రాసి లేదు. స్తంభం పక్కన ఒక్క పలక పెట్టి ఆ 31 లక్షల సంగతి చెప్పాలి.

మధ్యాహ్నం ఖాళీ దొరికితే పక్కనే గొల్లపల్లికి వెళ్ళాలి. బొబ్బిలి వీణ చేసేది అక్కడే. మంచి వీణకు కుండ, దండి వేరువేరుగా అతికించరు, ఒకే పనసదుంగను తొలుస్తారు. దుంగ బాగా ఆరకముందే తొలిస్తే తర్వాత చీలుతుంది. మైనం మీద 24 మెట్లు కూర్చేటప్పుడు ఒక్కో మెట్టు స్వరం విని సరిచేస్తారు. ఆ పని చూస్తుంటే పొద్దు తెలియదు. దారిలో తాగిన చోడి అంబలి, నంజుకున్న పచ్చి ఉల్లిపాయ ఆ రోజంతా నిలిచాయి.

ఆదివారం, పద్మనాభం, భీమిలి

ఇక్కడ కాలక్రమం తప్పుతుంది. దారిలో ముందొచ్చే పద్మనాభం కథలో చివరన వస్తుంది. అయినా ముందే చూడటం మంచిది. మిగతా ఊళ్ళన్నీ వేరే కళ్ళతో చూస్తాం.

పెద విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్ళ మీద మంట. తన ఇంటి గుత్త తగ్గించారని. 1758లో విశాఖలోని ఫ్రెంచి అధికారిని బంధించి, ఇంగ్లీషు జెండా ఎత్తించి, సాయం రమ్మని మద్రాసుకు, కలకత్తాకు కబురు పంపాడు. తన కౌన్సిల్‌లో మిగతావాళ్ళు వద్దన్నా క్లైవు ఒప్పుకున్నాడు, ఫోర్డ్ వచ్చాడు. అలా ఇంగ్లీషువాళ్ళను పిలిచి తెచ్చిన ఇంటికే, 36 ఏళ్ళ తర్వాత పద్మనాభంలో ఇంగ్లీషు సేన ఎదురు నిలిచింది. ఆనందరాజు తర్వాత గద్దెనెక్కిన చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయి పడ్డాడు. కంపెనీ జమీందారీని స్వాధీనం చేసుకుని, నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని బందరు వెళ్ళి ఉండమంది. ఆయన వెళ్ళలేదు. తన వాళ్ళతో వచ్చి పద్మనాభంలో డేరాలు వేశాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చిపడ్డాడు. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన వెంట నిలిచిన దొరలు చాలామంది అక్కడే పోయారు.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లు. పొద్దున ఏడులోపు ఎక్కడం మొదలుపెట్టాలి. నీళ్ళు కిందే తీసుకోవాలి, పైన దొరుకుతాయని నమ్మొద్దు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగితే కింద మైదానం, గోస్తనీ నది పరివాహకం పరుచుకుని కనిపిస్తాయి. యుద్ధం ఎందుకు అంత త్వరగా ముగిసిందో అక్కణ్నుంచి చూస్తే అర్థమవుతుంది. కింద దాక్కోడానికి చోటే లేదు. తుపాకుల వరస ముందు కత్తులు, ఈటెలు పట్టుకుని పరుగెత్తాల్సిన నేల అది. దిగాక కుంతీమాధవస్వామి గుడి దగ్గర పులిహోర పెట్టారు. "తినెళ్ళండమ్మా, కొండ దిగినోళ్ళు ఆకలితో పోకూడదు" అంది వడ్డించే ఆవిడ.

అక్కణ్నుంచి భీమిలి దగ్గరే. ఈ పోటీలో మూడో చెయ్యి డచ్చివాళ్ళది. భీమిలిలో వాళ్ళు 17వ శతాబ్ది నుంచే ఉన్నారు. సముద్రం ఒడ్డున హాలండర్స్ గ్రీన్ అనే శ్మశానంలో శిఖరాల్లాంటి సమాధులు, డచ్చి రాతలు ఉన్నాయి. ఉప్పుగాలికి అక్షరాలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. పక్కవాటుగా వెలుతురు పడే వేళ, అంటే పొద్దునో సాయంత్రమో వెళ్తేనే చదవొస్తాయి. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే తెల్లటి రాయి తప్ప ఏమీ రాదు.

డచ్చివాళ్ళు ఇక్కడ యుద్ధంలో ఓడి వెళ్ళలేదు. 1824లో లండన్‌లో ఇంగ్లండు, హాలండు ఒప్పందం రాసుకున్నాయి. ఇండియాలోని డచ్చి స్థావరాలన్నీ, వాటితోపాటు మలక్కా ఇంగ్లీషువాళ్ళకు. సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకు. మరుసటి ఏడు భీమిలి, కాకినాడ పక్క జగన్నాయకపురం, పాలకొల్లు, పులికాట్ చేతులు మారాయి. భీమిలి జాలరి ఎవడికీ బెంకూలెన్ ఎక్కడుందో తెలిసి ఉండదు. వాడి రేవును దానికి బదులుగా తూచారు.

బీచ్ దగ్గర వేపిన చేప తినాలంటే పెనం మీద ఉన్నది కాకుండా పక్కన గిన్నెలో కారం పట్టించి ఉంచినది అడిగి అప్పటికప్పుడు వేయించుకోవాలి. రేటు ముందే మాట్లాడుకోవాలి. ఆదివారం సాయంత్రం ఒక రేటు, సోమవారం పొద్దున ఇంకో రేటు.

సోమవారం, విశాఖ పాతబస్తీ, కశింకోట

విశాఖలో బీచ్ రోడ్డు వదిలేసి పాతబస్తీకి, రేవు వైపు వెళ్ళాలి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, ఇవతల పక్కపక్కనే మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి. 1757 జూన్ నెలాఖర్లో, ప్లాసీ జరిగిన వారంలోనే, ఇక్కడి ఇంగ్లీషు కోఠీ (వ్యాపార స్థావరం) బుస్సీకి లొంగిపోయింది. బెంగాల్లో ఇంగ్లీషువాళ్ళు గెలుస్తుంటే ఇక్కడ ఫ్రెంచివాళ్ళు గెలుస్తున్నారు. ఏది నిలుస్తుందో ఆ నెలలో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు.

ఈ రేవు ముందు మళ్ళీ రెండుసార్లు పరాయి తగాదాలు పేలాయి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి, లంగరేసి ఉన్న ఇంగ్లీషు నౌక సెంచూరియన్‌తో తలపడ్డాడు. ఒక కంపెనీ ఓడను పట్టుకుపోయాడు, ఇంకోటి ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులేశాయి. గుట్ట ఎక్కి నిలబడితే ఈ రెండూ ఏ నీళ్ళ మీద జరిగాయో ఒకే చూపులో కనిపిస్తుంది.

ఫోర్డ్ నవంబరులో ఇక్కణ్నుంచి కదిలి అనకాపల్లి పక్క కశింకోటలో ఆనందరాజును కలిశాడు. అక్కడ కుదిరిన బేరమే ఈ యాత్రకు వెన్నెముక. సేన ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారుల భత్యానికి మరో 6,000 ఇవ్వాలి. రాజమండ్రి చేరాక చెల్లింపు. గెలిచిన నేలలో లోపలి ప్రాంతాలు రాజుకు, సముద్రతీరం కంపెనీకి. కశింకోటలో ఇప్పుడు ఆ డేరాల జాడ ఏమీ లేదు. బెల్లం లారీల మధ్య నిలబడి ఆ అంకెలు తలుచుకోవడమే. తీరం కంపెనీకి అన్న షరతు దగ్గర ఆగి ఆలోచించాలి. ఓడలున్నవాడు రేవులు కోరాడు, గుత్తలు తెలిసినవాడు పొలాలు కోరాడు. రేవులు పోతే పొలాలకు కూడా కాపలా ఉండదని రాజుకు చెప్పినవాళ్ళు లేరు. అనకాపల్లిలో మాడుగుల హల్వా అడిగి కొనండి. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పు, చల్లారాక కూడా గట్టిపడదు. పావుకిలో చాలు, బరువైన తీపి.

మంగళవారం, చందుర్తి, యానాం

ఫోన్‌లో చందుర్తి అని వెతికితే తెలంగాణలో సిరిసిల్ల వైపున్న చందుర్తి చూపిస్తుంది. మనక్కావాల్సింది పిఠాపురం పక్క గొల్లప్రోలు మండలంలోది. గొల్లప్రోలులో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఆగి చూసి తిరిగి రావడానికి మూడు వందలు. "అక్కడేం ఉందండీ?" అని ఆటో అతను రెండుసార్లు అడిగాడు. యుద్ధం జరిగిందంటే, "ఎప్పుడండీ, మా తాతల నాడాండీ?" అని బండి పక్కకి ఆపి మరీ విన్నాడు. ఈ జిల్లాలో ప్రతి మాట చివర అండి చేరుతుంది. మనమూ అండి అనకపోతే మొరటుగా వినిపిస్తాం.

1758 డిసెంబరులో ఇక్కడ ఎదురైన సేనలు ఇవి. ఫోర్డ్ వైపు దాదాపు 470 మంది తెల్ల సైనికులు, 1,900 మంది దేశీ సిపాయిలు, వెనకాల ఆనందరాజు మందలు. అటు ఫ్రెంచి మార్క్వీ ద కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది తెల్లవాళ్ళు, 6,000 మంది సిపాయిలు, ఫోర్డ్ కన్నా ఎన్నో రెట్లు ఫిరంగులు. బుస్సీ ఉంటే ఏమయ్యేదో. కానీ మద్రాసును పడగొట్టాలని పాండిచ్చేరిలోని ఫ్రెంచి పెద్ద సేనాని లాలీ అతన్ని ముందే పాండిచ్చేరికి పిలిపించుకున్నాడు. ఈ దేశం తెలియని కాన్‌ఫ్లాన్స్ మిగిలాడు.

యుద్ధం ఒక రంగు వల్ల తిరిగింది. ఫోర్డ్ తెచ్చిన బెంగాలు సిపాయిలకు ఎర్ర కోట్లు. దక్షిణాది సిపాయిలకు అవి ఉండవు కాబట్టి, ఎర్ర కోట్లు కనిపించగానే ఫ్రెంచివాళ్ళు వాళ్ళే ఇంగ్లీషు దళం అనుకుని బలమంతా వాళ్ళ మీదికి తోలారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచి వరసలు తరుముతూ చెదిరాయి. అసలు ఇంగ్లీషు దళం నడిమధ్య నిలువెత్తు చేలో కనపడకుండా ఉంది. అది పక్కకి తిరిగి బయటికొచ్చి కాల్పులు మొదలుపెట్టాక ఫ్రెంచివాళ్ళకు తమ ఫిరంగుల దాకా వెనక్కి పరుగెత్తడం తప్ప మార్గం లేకపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి దాకా ఆగలేదు. ఆ రోజు దెబ్బలు కాసింది బెంగాలు నుంచి వచ్చిన, పేర్లు కూడా మిగలని సిపాయిలు. చందుర్తిలో ఒక రాయి నిలబెట్టేటట్టయితే ముందు వాళ్ళకోసం నిలబెట్టాలి.

చేలు ఇప్పటికీ ఉన్నాయి. గట్టు మీద నుంచి చూస్తే నేల ఎంత సమతలమో తెలుస్తుంది. ఎదిగిన పైరు తప్ప మనిషిని దాచేది ఇంకేదీ లేదు.

కాకినాడలో గొట్టం కాజా తిని (కొరికితే పాకం చొక్కా మీద పడుతుంది, ముందుకు వంగి తినాలి) సాయంత్రానికి యానాం చేరాం. మంగళవారం సంత రోజు కావడం మంచిదైంది. ఈ దారి మీద జగన్నాయకపురం డచ్చివాళ్ళది, ఇంజరం ఇంగ్లీషువాళ్ళది, యానాం ఫ్రెంచివాళ్ళది. ఒక్క రోజు నడకలో మూడు రాజ్యాల కోఠీలు. ముగ్గురూ కోరుకున్నది గోదావరి పాయల వెంట మగ్గాల మీద నేసే తెల్లబట్టను. నేతగాడికి ముందే బయానా ఇచ్చి, ఆ బాకీతో అతన్ని పక్క కోఠీకి పోకుండా కట్టేయడం ముగ్గురికీ తెలిసిన పద్ధతే. ఇంజరంలో ఆగితే కోఠీ అంటూ చూపించేది ఏమీ ఉండదు, ఊరి పేరే సాక్ష్యం.

యానాంను 1778లో, 1793లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. ఐరోపాలో సంధి కుదిరినప్పుడల్లా తిరిగిచ్చారు. చివరిసారి 1816లో. సర్కారులు మొత్తం పోయినా ఈ చుక్క మాత్రం ఫ్రాన్సుకు మిగిలింది. 1954 జూన్ 13న దడాల రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలన అంతమైంది. చట్టరీత్యా కలిసింది 1962లో. చుట్టూ బ్రిటిషు ఇండియా, మధ్యలో ఫ్రాన్సు కాబట్టి చట్టాల సందులు వాడుకునే ఊరయింది. శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల నుంచి బాల్యవివాహాలు చేయడానికి పిల్లల్ని ఇక్కడికే తెచ్చేవాళ్ళు. ఇప్పుడు జనం వచ్చేది చౌక మద్యానికి, పెట్రోలుకు. మీసాల వెంకన్న గుడి చూసి, గౌతమి గట్టు మీద బజ్జీలు తిని, కాథలిక్ చర్చి వెలుగుండగానే చూడాలి. పులస కావాలంటే ఆగస్టులో రావాలి. డిసెంబరులో పులస అని పెడితే అది పులస కాదు.

బుధవారం, రాజమండ్రి

రోజ్‌మిల్క్ తాగి, గట్టు మీద కూర్చుని చూడాల్సిన ఊరు ఇది. ఫోర్డ్‌కు మాత్రం ఇక్కడ కాళ్ళు కట్టేసినట్టయింది. చందుర్తి గెలిచాక వెంటనే బందరు మీదికి పోతే కాన్‌ఫ్లాన్స్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండేది కాదు. కానీ రాజమండ్రి చేరాక రాజు ఇస్తానన్న డబ్బు రాలేదు. ఎడ్లు లేవు, కూలి లేదు. ఏభై రోజుల దాకా పోయాయి. చివరికి విశాఖ కోఠీ అధికారి ఆండ్రూస్ నడిమధ్య నిలిచి కొత్త కాగితం రాయించాడు: రాజు ఇచ్చేది ఇక చెల్లింపు కాదు, అప్పు. గోదావరికి దక్షిణాన గెలిచిన నేల రాబడి చెరిసగం. 1759 జనవరి 28న సేన కదిలింది.

ఆనందరాజును పిసినారి అని రాసినవాళ్ళున్నారు. ఆయన వైపు నుంచి చూస్తే నెలకు 56,000 అంటే ఎన్నో ఊళ్ళ శిస్తు, అదీ కోతలు పూర్తికాని నెలలో. రైతు ఇంటికి ధాన్యం చేరకముందే ఎక్కణ్నుంచి తెస్తాడు?

గురువారం, బందరు

బందరు కోట ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, గిలకలదిండి రేవు వైపు. ఆటోకి రెండొందల యాభై, గంట ఆపడానికి ఇంకో యాభై. వర్షం పడిన మర్నాడు వెళ్ళొద్దు. ఇక్కడి నల్లబురద చెప్పుల్ని లాగేస్తుంది. మూడడుగులు వేస్తే మడమల దాకా దిగుతాం. ఫోర్డ్ సేన రాత్రిపూట దాటిన బురద ఇదే.

ముట్టడి లెక్కలు తిరగబడినవి. లోపలివాళ్ళు బయటివాళ్ళకన్నా ఎక్కువ. మార్చిలో ఫోర్డ్ తెల్లసైనికులు జీతాల కోసం ఆయుధాలతో ఎదురుతిరిగారు. కోట సొత్తులో వాటా ఇస్తానని మాటిచ్చి ఆపాడు. సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ వైపు నుంచి వస్తున్నాడు. ఏప్రిల్ మొదటివారం చివరికి మందుగుండు రెండు రోజులకే ఉందని తేలింది. వెనక్కి పోలేడు, ఉండలేడు. ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఆటు వేళ, కందకంలో నీళ్ళు మూడడుగులకు తగ్గినప్పుడు ఎక్కాడు. ఊరి నుంచి వచ్చే రోడ్డు మీద రాజు మనుషులు కేకలతో, కాల్పులతో హడావుడి. నైరుతిన కెప్టెన్ నాక్స్ బురదలోంచి దొంగదాడి. అసలు దెబ్బ ఈశాన్యపు కెమీలియన్ బురుజు మీద. కాన్‌ఫ్లాన్స్‌కు ప్రతి మూల నుంచీ కబురొచ్చింది, ఎటు పంపాలో తోచలేదు. తెల్లవారకముందే లొంగిపోయాడు. వారం తర్వాత పాండిచ్చేరి నుంచి సాయం ఓడలొచ్చాయి.

పాత ఆయుధాగారం కట్టడం చూడొచ్చు. ఫోర్డ్ ఎక్కిన బురుజును మాత్రం వెతికి పట్టడం సాధ్యం కాదు. 1864 నవంబరు తుఫాను ముప్పై వేలమందిని పొట్టనబెట్టుకుని ఈ ఒడ్డు రూపాన్నే మార్చేసింది. ఊళ్ళో పరాసుపేట (పరాసులంటే ఫ్రెంచివాళ్ళు), వలందపాలెం (వలందులంటే డచ్చివాళ్ళు), ఇంగ్లీషుపాలెం అంటే ఎవరైనా దారి చెప్తారు. వలందుల సమాధులకు గేటు తాళం ఉంటే పక్క ఇళ్ళలో అడిగితే కాపలాదారుని పిలుస్తారు. చెక్కిన రాళ్ళు భీమిలివాటికన్నా చాలా బాగున్నాయి.

కోట పడగానే సలాబత్ జంగ్ బుద్ధి మారింది. మే 14న ఫోర్డ్‌తో సంధి రాసి బందరు, నిజాంపట్నం, మరికొన్ని సీమలు కంపెనీకి ఇచ్చి, ఫ్రెంచివాళ్ళను ఉండనివ్వనన్నాడు. పిలిచి తెచ్చిన ఆనందరాజు వట్టి చేతులతో ఇంటికి పోయి మరుసటి ఏడు చనిపోయాడు. గెలిచిన ఫోర్డ్‌కు లండన్ డైరెక్టర్లు కంపెనీ సేనలో నియామకమే ఖాయం చేయలేదు. 1763 పారిస్ సంధిలో ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి సలాబత్ జంగ్‌నే దక్కను సుబాదారుగా గుర్తించాయి. అప్పటికే అతని తమ్ముడు నిజాం అలీ అతన్ని దింపి చెరలో పెట్టాడు. పారిస్‌లో సంతకాలు చేసినవాళ్ళకు ఆ కబురు అవసరమనిపించలేదు. 1765లో క్లైవు సర్కారులు కంపెనీవే అని మొగలు చక్రవర్తి ఫర్మానా తెచ్చాడు, మరుసటి ఏడు కంపెనీ కొండపల్లి కోట పట్టుకుంది. తర్వాత నిజాంతో బేరం: మూడు సర్కారులకు ఏటా 5 లక్షలు, శ్రీకాకుళం, గుంటూరు కూడా చేరితే 9 లక్షలు. 1823లో ఆ బాకీని కూడా 11,66,666 రూపాయలు ఒకేసారి ఇచ్చి తెంచేసుకున్నారు. బుస్సీ నాటి అంచనాలో నాలుగు సర్కారుల ఒక్క ఏడాది రాబడే 31 లక్షలు.

రాత్రి భోజనం తర్వాత తొక్కుడు లడ్డు. శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి, పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకలితో దంచుతారు. దంచడం తగ్గితే నాలుక మీద పలుకు తగులుతుంది. కొనే ముందు ఒకటి చిదిమి చూడమని కొట్లో వాళ్ళే చెప్తారు.

శుక్రవారం, పెడన

ఇంతమంది ఇంత దూరం వచ్చింది దేనికోసమో చూడాలంటే బందరు పక్క పెడన, కలంకారీ అచ్చుబట్టల ఊరు. మిరియాలు, లవంగాలు పండే దీవుల్లో వెండికన్నా మన అచ్చుబట్టకు గిరాకీ ఎక్కువ. బట్ట లేకుండా డచ్చివాళ్ళ మసాలా వ్యాపారం లేదు. ఐరోపాలో ఈ బట్ట ఎంత పాకిందంటే, అక్కడి నేతగాళ్ళ గోలకు ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో నిషేధాలు పెట్టాయి. ఫ్రాన్సు తన నిషేధం ఎత్తేసింది 1759లో, బందరు చేజారిన ఏడే.

అచ్చుల పని పొద్దున పదిలోపు చూడాలి, కాలవ పని అప్పుడే. గంజి పోయేదాకా ఉతికిన బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. పాలు తగ్గితే రంగు గీత దాటి పాకుతుంది. ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెట్టిన కసింకారంతో నల్లగీతలు, పటికతో ఎరుపు రావాల్సిన చోట్లు అద్దుతారు. పటిక చోట ముందు ఏ రంగూ కనిపించదు. కాగులో వేరు, చెక్కలతో ఉడికించాకే ఎరుపు లేస్తుంది. ఉడికించే ముందు పారే నీళ్ళలో జాడించాలి. నిలవనీళ్ళలో జాడిస్తే కరిగిన పటిక తెల్ల జాగాలకు అంటి బట్టంతా గులాబి మరకలవుతుంది. కాలవకు నీళ్ళు కట్టేసిన నెలల్లో పని అందుకే కుంటుతుంది.

కొనేటప్పుడు బట్ట వెనక్కి తిప్పి చూడండి. నల్లగీత వెనక వైపు కూడా కొంత దిగి ఉంటే చేత్తో అద్దింది. పైపైన ఉంటే స్క్రీన్ అచ్చు, దాని ధర సగం కూడా ఉండకూడదు. బేరం ఆడొచ్చు గానీ అచ్చు పట్టే మనిషి ఎదుట వద్దు, యజమాని గదిలోకి వెళ్ళాక ఆడండి. ఇంటికొచ్చాక మొదటి రెండుసార్లు విడిగా చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది.